ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు కాలేజీ చదువుకు తయారవుతున్నారా? ఏ పరీక్షతో ఏం తెలుస్తుంది, ఎవరికి ఏది పనికొస్తుంది

సంక్రాంతి సెలవులు అయిపోగానే హన్మకొండ, కాజీపేట రోడ్ల మీద ఫ్లెక్సీలు మారిపోతాయి. ఐఐటీ ఫౌండేషన్, మెడికల్ ఫౌండేషన్, ఒలింపియాడ్ బ్యాచ్, స్కాలర్‌షిప్ టెస్ట్. పరకాల, నర్సంపేట, ములుగు దాకా పీఆర్వోలు ఇళ్లకే వచ్చి మాట్లాడతారు. ఆరో తరగతి పిల్లవాడి తండ్రి కూడా "సార్, మావోడిని ఇప్పుడే ఫౌండేషన్ల ఎయ్యకపోతే ఎనకవడతడా?" అని టెన్షన్‌తో అడుగుతున్నాడు. నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఈ ప్రశ్న నాకు ప్రతి ఏడాదీ వస్తుంది, అందుకే నా అభిప్రాయం వివరంగా రాస్తున్నాను.

ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. ఈ వయసులో చూడాల్సింది ర్యాంకు కాదు. తెలియని ఒక పేజీ చదివి అర్థం చేసుకోగలడా, భిన్నాలూ రుణసంఖ్యలూ తడబడకుండా చేయగలడా, రోజూ బడికి వెళ్తున్నాడా అనే మూడు విషయాలు చూడాలి. వీటిని తెలుసుకోవడానికి డబ్బు కట్టాల్సిన అవసరం లేదు. ఈ మూడూ బాగున్నాకే మిగతా పరీక్షల సంగతి.

ఎందుకిలా అంటున్నానంటే, పదో తరగతి మంచి మార్కులతో పాసై, ఇంటర్ ఎంపీసీలో మొదటి మూడు నెలల్లోనే చేతులెత్తేసే పిల్లలను చాలామందిని చూశాను. వాళ్లను కూర్చోబెట్టి అడిగితే త్రికోణమితి రాకపోవడానికి కారణం త్రికోణమితిలో ఉండదు. ఆరో తరగతిలో వదిలేసిన భిన్నాల్లోనో, ఏడో తరగతి బీజగణితంలోనో ఉంటుంది. కెమిస్ట్రీలో మోల్ లెక్కలు రావడం లేదంటే చాలాసార్లు నిష్పత్తి రావడం లేదని అర్థం. ఇంగ్లిష్‌లో ఉన్న పేరాను రెండుసార్లు చదివినా విషయం తెలియదు, అప్పుడిక బట్టీ ఒక్కటే దారి.

అమెరికాలో దీనికోసమే ఎనిమిదో తరగతికి పరీక్షలున్నాయి. కాలేజీ ప్రవేశాలకు వాడే ఎస్ఏటీ పరీక్ష నడిపే కాలేజ్ బోర్డ్ సంస్థ ఎనిమిది, తొమ్మిది తరగతులకు పీఎస్ఏటీ 8/9 పెడుతుంది. 240 నుంచి 1,440 వరకు స్కోరు ఇచ్చి, ఈ తరగతికి ఇంత వస్తే కాలేజీ దారిలో ఉన్నట్టు అని ఒక గీత గీసి చూపిస్తుంది. ఏసీటీ అనే ఇంకో పరీక్షల సంస్థ 2008లో ఒక నివేదిక విడుదల చేసింది. హైస్కూల్లో (అక్కడ హైస్కూల్ అంటే తొమ్మిది నుంచి పన్నెండు తరగతులు) జరిగే ఏ చదువుకన్నా, ఎనిమిదో తరగతి నాటికి పిల్లలు చేరుకున్న స్థాయే కాలేజీ సంసిద్ధతను ఎక్కువగా నిర్ణయిస్తోందని అందులో చెప్పింది. పరీక్షలు అమ్మే సంస్థ చెప్పిన మాట కాబట్టి కాస్త ఆచితూచి తీసుకోవాలి. 2014లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ నగరంలోని ప్రభుత్వ బడుల పిల్లల వివరాలు పరిశీలించి ఇంకో మాట చెప్పారు. పిల్లలు హైస్కూల్లో ఎలా చదువుతారో ముందే అంచనా వేయడానికి పరీక్ష స్కోర్ల కన్నా హైస్కూలుకు ముందు తరగతుల్లోని హాజరు, బడి గ్రేడ్లు బాగా పనికొచ్చాయని. నాకు ఈ రెండో మాట మన ఊళ్లకు ఎక్కువ దగ్గరగా అనిపిస్తుంది.

మన దగ్గర అలా ఒకే గీత గీసి చూపే పరీక్ష లేదు. ఉన్నవన్నీ వేరే వేరే పనుల కోసం పుట్టినవి. స్కాలర్‌షిప్ ఇవ్వడానికి ఒకటి, సీటు ఇవ్వడానికి ఒకటి, అడ్మిషన్లు నింపుకోవడానికి ఇంకొకటి. దేనితో ఏం తెలుస్తుందో వేరు చేసి చూసుకోవాల్సింది మనమే.

ఇంట్లో మీరే చేసే పరీక్ష

అన్నింటికన్నా ముందు ఇది చేయండి. ఒక ఆదివారం పొద్దున గంటన్నర చాలు.

చదవడంతో మొదలుపెట్టండి. మన తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చాక, పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో ఇస్తున్నారు. ఒక పక్క తెలుగు, ఎదురుగా అదే పాఠం ఇంగ్లిష్‌లో. తల్లిదండ్రుల చేతికి ఇంత మంచి సాధనం ఉందని చాలామందికి తెలియదు. బడిలో ఇంకా చెప్పని సోషల్ పాఠం ఒకటి తీయండి. ముందు ఇంగ్లిష్ పేజీ మనసులో చదవమనండి. పుస్తకం మూసి, "ఏం చెప్పిండ్రు దీంట్ల?" అని అడగండి. సొంత మాటల్లో, తెలుగులోనే చెప్పనివ్వండి. తర్వాత మూడు ప్రశ్నలు వేయండి. పేజీలో నేరుగా ఉన్నది ఒకటి, ఎందుకు అనేది ఒకటి, పేజీలో రాయకపోయినా ఆలోచిస్తే తెలిసేది ఒకటి.

ఇంగ్లిష్‌లో అర్థం కాకపోతే అదే పాఠం తెలుగులో చదివించండి. తెలుగులో చక్కగా చెప్పేస్తే పిల్లవాడి బుర్రలో ఏ లోపమూ లేదు, భాష ఒక్కటే అడ్డు. రోజూ అరగంట రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకొని చదివితే ఏడాదిలో తేడా కనిపిస్తుంది. తెలుగులో కూడా చెప్పలేకపోతే ఇంకాస్త కిందికి దిగాలి. దానికి అసర్ సర్వేలో వాడే పత్రం బాగుంటుంది. ప్రథమ్ సంస్థ 2005 నుంచి ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు చూసే సర్వే అది. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ, ఈ వరుసలో చదివిస్తారు. తెలుగులో కూడా ఉంది, ఉచితంగా దొరుకుతుంది. ఏడో తరగతి పిల్లవాడు ఆ కథ దగ్గర తడబడితే బాధగానే ఉంటుంది. కానీ ఇప్పుడు తెలియడమే మేలు. అలాంటి పిల్లవాడిని ఫౌండేషన్‌లో వేయడం వాడికి అన్యాయం చేయడమే.

లెక్కల్లో ఇవి అడగండి. కాగితం, పెన్ను ఇవ్వండి, ఫోను తీసేయండి. 83లోంచి 47 తీసేయడం, 875ని 7తో భాగించడం మొదట. అవి వచ్చాయంటే ప్రాథమిక స్థాయి దాటినట్టు. తర్వాత 1/2, 1/3 కలపమనండి. 2/5 అని రాస్తే భిన్నం అంటే ఏమిటో తెలియలేదని అర్థం. నేను ఎనిమిదో తరగతిలో కూడా ఈ జవాబు చూస్తూనే ఉంటాను. 2/3 పెద్దదా, 3/5 పెద్దదా, ఎందుకో చెప్పమనండి. మైనస్ 7కు 3 కలిపితే ఎంత? 240లో 15 శాతం ఎంత? మూడు నోటుబుక్కులు 75 రూపాయలైతే ఏడు ఎంత? ఒక సంఖ్యను రెట్టింపు చేసి 5 కలిపితే 17 వచ్చింది, ఆ సంఖ్య ఏది? చివరగా మన ఊరి లెక్క ఒకటి: క్వింటాల్ పత్తి 7,000 రూపాయలు అనుకుంటే, 3 క్వింటాళ్ల 40 కిలోలకు ఎంత వస్తుంది? 23,800 అని చెప్పడం ఒక్కటే ముఖ్యం కాదు, ఎలా వచ్చిందో మీకు అర్థమయ్యేలా చెప్పగలగాలి.

ఈ ప్రశ్నలు ఆరో తరగతి వాడికి కొన్ని కొత్తగా ఉంటాయి, అది మామూలే. ఏడు పూర్తయ్యేసరికి మాత్రం అన్నీ రావాలి. ఎనిమిది పూర్తయినా సగం రాకపోతే, పదో తరగతిలో ఎన్ని మార్కులు వచ్చినా ఇంటర్లో కష్టపడతాడు.

జవాబులతో పాటు ఇంకొకటి గమనించండి. రాని లెక్క దగ్గర ఎంతసేపు కూర్చుంటున్నాడు? ఒక్క నిమిషంలో "రాదు" అని పెన్ను పడేస్తున్నాడా, బొమ్మ గీసో, చిన్న సంఖ్యలు పెట్టుకొనో ప్రయత్నిస్తున్నాడా? కాలేజీలో ఎవరూ పక్కన కూర్చొని చెప్పరు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

బడి మార్కులు, హాజరు

మన బడుల్లో ఏడాది పొడవునా నడిచే ఎఫ్ఏ (ఫార్మేటివ్), టర్మ్ చివర పెట్టే ఎస్ఏ (సమ్మేటివ్) మార్కులను రెండింటినీ ఒకేలా చూడకండి. ఎఫ్ఏలో తరగతిలో పాల్గొనడం, రాత పని, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు కలుస్తాయి. సక్రమంగా నడిపిన బడిలో ఇవి పిల్లవాడి అలవాట్లను చూపిస్తాయి. ప్రాజెక్టులు నెట్ సెంటర్లో ప్రింట్ తీయించే చోట ఏమీ చూపించవు. ఎస్ఏ రాత పరీక్ష కాబట్టి మార్కుల కన్నా జవాబు పత్రమే ఎక్కువ చెబుతుంది. పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి వచ్చేయకుండా, లెక్కలు, సైన్సు జవాబు పత్రాలు చూపించమని అడగండి. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు రాసే ప్రశ్నల్లోనే మార్కులు వచ్చి, సొంతంగా ఆలోచించి రాసేవి ఖాళీగా ఉంటే సంగతి మీకే అర్థమవుతుంది.

ప్రైవేటు బడిలో అందరికీ 90 పైనే వస్తుంటే ఆ మార్కులతో పిల్లవాడి స్థాయి తెలియదు. ఇంట్లో పరీక్షనే నమ్ముకోవాలి.

హాజరు గురించి గట్టిగా చెప్పాలి. మా వైపు పత్తి ఏరే రోజుల్లో, మళ్లీ మిరప కోతల్లో పిల్లలు బడికి రారు. కొందరు చేనుకు వెళ్తారు, ఇంకొందరు ఇంట్లో చిన్నపిల్లలను చూసుకోవడానికి ఆగిపోతారు. కూలీలు దొరకక, దొరికినా కూలి ఇవ్వలేక కుటుంబాలు పడే ఇబ్బంది నాకు తెలుసు, నేను తప్పుపట్టను. కానీ ఆ వారాల్లో పోయిన పాఠం మళ్లీ ఎవరూ చెప్పరు, దాని మీద కట్టే తర్వాతి పాఠం ఆగదు. బడి నడిచిన ప్రతి పది రోజుల్లో ఒక రోజుకు మించి పోతుంటే, ఏ పరీక్ష ఫలితం కన్నా ముందు దాన్ని సరిచేయాలి. తప్పనిసరిగా ఆగాల్సి వస్తే సార్‌కు ముందే చెప్పి, ఏ పాఠం నడుస్తుందో రాయించుకోండి. అలా అడిగిన తల్లిని ఏ టీచరూ కాదనడు.

ఎన్ఎంఎంఎస్: ప్రభుత్వ బడి పిల్లలు వదులుకోకూడనిది

ప్రభుత్వ, జెడ్పీ, మున్సిపల్, ఎయిడెడ్ బడుల్లో, హాస్టల్ లేకుండా చదివే మోడల్ స్కూళ్లలో ఎనిమిదో తరగతి పిల్లలకు నేషనల్ మీన్స్-కమ్-మెరిట్ స్కాలర్‌షిప్ (ఎన్ఎంఎంఎస్) పరీక్ష ఉంది. కేంద్రం 2008లో మొదలుపెట్టిన పథకం. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం మార్కులుండాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు, మొత్తం 48,000. గురుకులాలు, కేజీబీవీలు, నవోదయ, కేంద్రీయ విద్యాలయాలు, ప్రైవేటు బడుల పిల్లలు అర్హులు కారు. ఇంటర్‌కు ప్రైవేటు కాలేజీకి వెళ్తే డబ్బు ఆగిపోతుంది. ఇది తెలియక చేరి తర్వాత బాధపడేవాళ్లున్నారు.

డబ్బు సంగతి అలా ఉంచినా, ఉన్న వాటిలో ఈ వయసుకు బాగా సరిపోయే కొలమానం ఇదే అని నా నమ్మకం. రెండు పేపర్లు, ఒక్కోదానిలో 90 ప్రశ్నలు, ఒక్కోదానికి 90 నిమిషాలు. మొదటిది మ్యాట్, అంటే శ్రేణులు, కోడింగ్, పోలికలు, బొమ్మల వరుసలు. రెండోది శాట్ (అమెరికా ఎస్ఏటీ వేరు, ఇది వేరు), ఏడు, ఎనిమిది తరగతుల పుస్తకాల నుంచి సైన్సు, సోషల్ 35 చొప్పున, లెక్కలు 20. రెండూ కలిపి 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 32 శాతం వస్తే అర్హత. అర్హత వచ్చినంత మాత్రాన స్కాలర్‌షిప్ రాదు, ఆ తర్వాత మెరిట్, రిజర్వేషన్ ప్రకారం ఎంపిక ఉంటుంది.

ఫలితాన్ని చదవడంలోనే అసలు ఉపయోగం ఉంది. మ్యాట్‌లో ఎక్కువ, శాట్‌లో తక్కువ వస్తే పిల్లవాడు చురుకైనవాడే, పుస్తకం తెరవడం లేదు. శాట్‌లో ఎక్కువ, మ్యాట్‌లో తక్కువ వస్తే బట్టీ పడుతున్నాడేమో చూడాలి. లేదంటే ఇలాంటి ప్రశ్నలు ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు, నెల రోజులు సాధన చేయించి మళ్లీ చూడండి. మ్యాట్ పుట్టుకతో వచ్చే తెలివిని కొలుస్తుందని నేను నమ్మను. సాధనతో పెరగడం కళ్లారా చూస్తున్నాం కదా.

ప్రైవేటు బడి పిల్లలు రాయలేకపోయినా పాత పేపర్లు దొరుకుతాయి. ఇంట్లో గడియారం పెట్టి రాయించండి. వేలు పోసి రాయించే టెస్టుల కన్నా ఎక్కువ తెలుస్తుంది.

దరఖాస్తు బడి హెడ్మాస్టర్ ద్వారానే. ఆదాయ, కుల పత్రాలు మీసేవలో ముందే తీసిపెట్టుకోండి. ఆధార్‌లో, బడి రికార్డులో, బ్యాంకు ఖాతాలో పేరు స్పెల్లింగ్ ఒకేలా ఉండాలి. ఒక అక్షరం తేడా ఉన్నా డబ్బు జమ కావడంలో తిప్పలు పడాల్సి వస్తుంది.

ఫౌండేషన్ కోర్సులు, వాటి వారాంతపు టెస్టులు

వీటి మీద నాకు ఉన్న అభ్యంతరం ఫీజు గురించి మాత్రమే కాదు. ఏడో తరగతిలో తొమ్మిది, పది పాఠాలు చెప్పి, వాటి మీదే వారం వారం పరీక్ష పెట్టి ర్యాంకు ఇస్తారు. ఆ ర్యాంకు బ్యాచ్‌లో పక్కవాడితో పోలిక, అంతే. పిల్లవాడు భిన్నాలు అర్థం చేసుకున్నాడో, సూత్రం గుర్తుపెట్టుకున్నాడో దానితో తెలియదు. నాలుగు ఆప్షన్లలో ఒకటి గీకే అలవాటు ముందే పడిపోయి, మెట్లు రాయడం నేర్చుకోడు. తెలుగు, సోషల్, ఆటల పీరియడ్లు తగ్గుతాయి. చదివి అర్థం చేసుకునే శక్తి పెరిగేది సరిగ్గా ఆ పీరియడ్లలోనే.

అయితే కొందరు పిల్లలకు ఇది సరిపోతుంది. పైన చెప్పిన ఇంటి పరీక్ష సులువుగా అయిపోయి, బడి లెక్కలు విసుగు పుట్టి, ఇంకా కావాలని పిల్లవాడే అడుగుతుంటే చేర్చండి. అడుగుతున్నది మీరు కాకుండా పిల్లవాడే అయి ఉండాలి. చేర్చే ముందు పాత ప్రశ్నపత్రాలు చూపించమనండి. జవాబు పత్రాలు దిద్ది ఇస్తారా అని అడగండి. బ్రోచర్‌లో ఉన్న ఫ్యాకల్టీ కాకుండా మీ పిల్లవాడి తరగతికి రోజూ వచ్చేది ఎవరో, ఫౌండేషన్ కోసం ఏ పీరియడ్లు తీసేశారో అడగండి. వీటికి సూటిగా జవాబు రాకపోతే బయటికి వచ్చేయవచ్చు.

స్కాలర్‌షిప్ టెస్ట్ పేరుతో కాలేజీలు, బడులు పెట్టేవి అడ్మిషన్ల కోసం. ఫీజులో 50 శాతం రాయితీ వచ్చిందంటే పిల్లవాడి స్థాయి అంతని కాదు, మిమ్మల్ని చేర్చుకోవాలని వాళ్లు అనుకుంటున్నారని. వేలిముద్రలు తీసి "మీ వాడు ఇంజినీరు అవుతాడు" అని చెప్పే పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదు, ఆ డబ్బుతో కథల పుస్తకాలు కొనండి.

ఇంకా మిగిలినవి

ప్రైవేటు ఒలింపియాడ్లు సరదాకు రాయించవచ్చు, పతకాన్ని కొలమానంగా తీసుకోవద్దు. లెక్కలంటే ప్రాణం పెట్టే ఎనిమిదో తరగతి పిల్లలకు ఐఓక్యూఎం (ఇండియన్ ఒలింపియాడ్ క్వాలిఫయర్ ఇన్ మ్యాథమెటిక్స్) ఉంది. మూడు గంటల్లో 30 ప్రశ్నలు, దేశం గణిత ఒలింపియాడ్ జట్టును ఎంపిక చేసే దారిలో మొదటి మెట్టు. ఎనిమిదో తరగతిలో అందులో రెండు ప్రశ్నలు సొంతంగా చేసినా గొప్పే, సున్నా వచ్చినా బాధపడాల్సింది లేదు.

నవోదయ తొమ్మిదో తరగతి ప్రవేశ పరీక్ష ఎనిమిదిలో ఉండగా రాయవచ్చు. ఫీజు లేదు. 100 ప్రశ్నల్లో లెక్కలు 35, సైన్సు 35, ఇంగ్లిష్, హిందీ 15 చొప్పున. మామునూరు, చొప్పదండి, కాగజ్‌నగర్ నవోదయల్లో ఖాళీ అయిన కొద్ది సీట్లకే కాబట్టి సీటు ఆశతో కాకుండా స్థాయి చూసుకోవడానికి రాయించండి. మన పిల్లలకు హిందీ దగ్గరే దెబ్బ పడుతుంది. ఆ 15 మార్కులు పక్కన పెట్టి మిగతా 85లో ఎంత వచ్చిందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

మీ పిల్లవాడికి ఏది

జెడ్పీ హైస్కూల్లో చదివే పిల్లలకు: ఆరు, ఏడు తరగతుల్లో ఇంటి పరీక్ష, ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్. వేరే ఏదీ అక్కర్లేదు. పదో తరగతి మార్కులతోనే బాసర ఆర్జీయూకేటీ (ట్రిపుల్ ఐటీ)లో ఆరేళ్ల బీటెక్ సీటు వచ్చే అవకాశం ఉంది. పరుగు ఇప్పుడే మొదలుపెట్టాల్సిన పని లేదు.

గురుకులంలో ఉన్న పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు చూడండి. వచ్చిన రోజే వద్దు, రెండు రోజులు తిని, ఆడుకున్నాక. చదువు రాని తల్లిదండ్రులైతే ఊళ్లో డిగ్రీ చదివే అక్కనో అన్ననో ఓ గంట కూర్చోమనండి. ఈ పరీక్షకు అంతకుమించి అర్హత అవసరం లేదు.

ప్రైవేటు బడిలో చదివి, ఎన్ఐటీయో మెడిసినో అని ఇంట్లో అనుకుంటున్న పిల్లలకు: ఇంటి పరీక్ష, ఎన్ఎంఎంఎస్ పాత పేపర్లు, ఈ రెండూ బాగా వస్తే అప్పుడు ఫౌండేషన్ సంగతి. వరంగల్ ఎన్ఐటీలో సగం సీట్లు తెలంగాణ విద్యార్థులకే, వాటికి జేఈఈ మెయిన్ ర్యాంకు కావాలి. ఆ ర్యాంకు కోసం పరుగు ఇంటర్లో రెండేళ్లు ఎలాగూ ఉంటుంది. దానికి ముందు ఉన్న ఐదేళ్లూ అదే పరుగు పెట్టించి, ఇంటర్‌కు వచ్చేసరికి పుస్తకం చూస్తేనే విసుక్కునే పిల్లలు నాకు తెలుసు.

వెనకబడి ఉన్నాడని తేలితే తిట్టవద్దు, తోటివాళ్లతో పోల్చవద్దు. ఏప్రిల్ చివర బడులు మూసినప్పటి నుంచి జూన్‌లో తెరిచేదాకా ఆరేడు వారాలు ఉంటుంది. అయిదు, ఆరు తరగతుల లెక్కల పుస్తకాలు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. పొద్దున ఎండెక్కకముందు ఒక గంట, భిన్నాలు, దశాంశాలు, నిష్పత్తి, రుణసంఖ్యలు ఈ వరుసలోనే చేయించండి. సాయంత్రం అరగంట బయటికి చదివించి, చదివింది చెప్పించండి. బడి తెరిచిన మొదటి వారంలో పైన ఇచ్చిన ప్రశ్నలే సంఖ్యలు మార్చి మళ్లీ అడగండి. ఏవి ఇంకా రాలేదో ఒక కాగితం మీద రాసి లెక్కల టీచరుకు ఇవ్వండి. నాకు అలాంటి కాగితం ఒక్కటి వచ్చినా, ఆ పిల్లవాడికి ఆ ఏడాది ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో మొదటి రోజే తెలిసిపోతుంది.